మసి పూసిన పైపు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ఆళ్లగడ్డలో ఎవరినడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. పేరు గురుస్వామి, పని శిల్పం. ముప్పై ఏళ్లుగా కోపమంతా రాయి మీదే తీర్చుకుంటున్నాను కాబట్టి మనుషులు బతికిపోయారు. అయితే నేను చెప్పబోయేది నా గొప్ప కాదు. నంద్యాల నూనెపల్లెలో రేకుల షెడ్డు కింద కార్లు బాగుచేసే జకరయ్య గురించి. ఆయన గురించి చెప్పాలంటే ముందు నేను చేసిన వెధవ పని ఒకటి ఒప్పుకోక తప్పదు.

కోయిలకుంట్ల దగ్గర ఒక ఊరివాళ్లు గుడి కట్టుకుంటూ, నాలుగడుగుల ఆంజనేయస్వామి కావాలని నా దగ్గరకు వచ్చారు. ఐదు నెలలు చెక్కాను. అంతా అయ్యాక నునుపు పెడుతుంటే ఎడమ మోచేతి కింద వెంట్రుకంత గీత బయటపడింది. రాయిని నీళ్లతో తడిపి ఆరనిచ్చాను. మిగతాదంతా ఆరిపోయి ఆ గీత ఒక్కటే తడిగా మిగిలింది. అంటే అది పైగీత కాదు, లోపలికి పోయిన పగులు. పగిలిన విగ్రహం పూజకు పనికిరాదని మా ఇళ్లల్లో పిల్లలు పలక పట్టకముందే నేర్చుకుంటారు. నేనూ అట్లాగే నేర్చుకున్నాను. అయినా రాతిపొడిని జిగురుతో ముద్దచేసి ఆ పగులులోకి ఎక్కించి, నూనెలో మసి కలిపి పైన రుద్దాను. మళ్లీ తడిపి చూస్తే గీత కనబడలేదు. శుక్రవారం విగ్రహం ట్రాక్టరెక్కాలి. గుడిలో దానికి కళ్లు తెరవాల్సింది కూడా నేనే, ఆ పని శిల్పిదే. పగులు సంగతి మాత్రం నాకొక్కడికే తెలుసు.

సరిగ్గా ఆ వారమే నా కారు టపటపమనడం మొదలుపెట్టింది.

పాత పెట్రోలు కారు. కార్బ్యురేటర్ కాలం నాటిది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, వెనక సైలెన్సర్‌లోంచి టప్, టపటప్ అని పేలేది. బస్టాండు దగ్గర ఒక ముసలమ్మ ఉలిక్కిపడి చేతిలో టీ ఒలకబోసుకుంది. "నీ బండి పాడుగాను!" అని నన్ను వీధి చివరిదాకా తిట్టింది. ఊరేగింపులో దేవుడి ట్రాక్టరు ముందు నేను ఈ కారులోనే పోవాలి. మా ఊరి మెకానిక్కులతో అప్పటికే తలా ఒకసారి గొడవపడి ఉన్నాను. అందుకని మంగళవారం పొద్దున్నే నంద్యాల దారి పట్టాను.

జకరయ్యకు అరవై దాటాయి. సొంతూరు ఉయ్యాలవాడ వైపు. అమ్మానాయనలు శనగ చేలల్లో కూలికి పోయేవాళ్లు. ఆయన చిన్నప్పుడే నంద్యాల వచ్చి, లారీ షెడ్డులో కిరసనాయిలుతో సామాన్లు కడుగుతూ పని నేర్చుకున్నాడు. ఆదివారం చర్చిలో కంజీర వాయిస్తాడు. ఇంజను శబ్దాన్ని కూడా కళ్లు మూసుకుని, వేళ్లతో తొడ మీద తాళం వేస్తూ వింటాడు. ఎప్పుడో ఏడాదిపాటు షెడ్డు మూతపడిందని విన్నాను. తాగుడని కొందరు, అన్నదమ్ముల తగాదా అని కొందరు అనేవాళ్లు. నేనెప్పుడూ అడగలేదు.

ఆయన దగ్గరొక పద్ధతుంది. బండి తెచ్చినవాడు ముందు స్టూలు మీద కూర్చుని కథంతా చెప్పాలి. అప్పటిదాకా బానెట్ ఎత్తడు. మనకేమో తొందర, ఆయనకేమో తీరిక. ఒళ్లు మండిపోతుంది నాకు.

"ఏం ఆచారీ, బేగా వచ్చినావే. ఏందీ కత?"

"టపటపమంటాంది అన్నా."

"ఎప్పుడు? స్టార్ట్ చేసేటప్పుడా? ఎత్తు ఎక్కేటప్పుడా?"

"కాలు తీసినప్పుడు. అదీ పది కిలోమీటర్లు పోయినాక."

"పోయినాకనా." తొడ మీద వేళ్లతో తాళం వేశాడు. "నువ్వేమన్నా చేసినావా దానికి?"

"నేనేం చేస్తానన్నా? నేను మెకానిక్కునా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అవసరం లేకుండానే గొంతు పెంచాను. పది రోజుల కింద క్వారీ దారిలో బండరాయి తగిలి, ఇంజను నుంచి వచ్చే పైపు కింది భాగంలో చీలింది. ఇంట్లో ముద్ద ఎలాగూ ఉంది కదా అని, విగ్రహానికి పూసిన ముద్దనే కొంచెం గట్టిగా కలిపి ఆ చీలికకూ పూశాను. పైన మసి కూడా రుద్దాను. నా దృష్టిలో అది అయిపోయిన పని, ఈ శబ్దానికీ దానికీ సంబంధం లేదు. చెబితే పోయేదేముంది? కానీ చెబితే దేనితో పూశావంటాడు. ముద్ద ఎందుకు చేసి పెట్టుకున్నావంటాడు. అందుకే నోరు కట్టేసుకున్నాను.

జకరయ్య పని మొదలుపెట్టాడు. చేస్తూ చేస్తూ నాకు వివరించాడు, బండి సంగతి ఓనరుకు తెలియాలన్నది ఆయన ఇంకో పట్టుదల. "కాలు తీసినప్పుడు కాలని పెట్రోలు కొంచెం పైపులోకి పోతాది. ఆడ దానికి గాలి దొరికితే పైపులోనే కాలుతాది. టప్ మంటాది. అంటే పెట్రోలన్నా ఎక్కువ పోతాండాల, లేకుంటే బయటి గాలి యాడన్నా దూరతాండాల. ఈ రెండే."

ఎయిర్ ఫిల్టర్ విప్పి నేల మీద కొడితే దోసెడు రాతిపొడి రాలింది.

"ఇది ఫిల్టరా, విభూతి పొట్లమా ఆచారీ? ఊపిరాడక చస్తాంది పాపం నీ ఇంజను."

స్పార్క్ ప్లగ్గులు మసిపట్టి నల్లగా ఉన్నాయి. గాలి తక్కువై పెట్రోలు ఎక్కువ పోతోందని దానర్థం. కొత్త ఫిల్టర్ వేసి, ప్లగ్గులు మార్చి, కార్బ్యురేటర్ కడిగాడు. ఇద్దరం బయల్దేరి చూశాం. శబ్దం సగం తగ్గింది. నేను సంతోషపడ్డాను కానీ ఆయన పడలేదు. "సగం తగ్గిందంటే సగం ఉన్నట్టే గదా" అన్నాడు.

షెడ్డుకు వచ్చి, భోజనాలయ్యాక బండి బాగా చల్లబడ్డాక పైపు చూశాడు. వెనక సైలెన్సర్ మూతికి తడిగుడ్డ అదిమిపెట్టి, నన్ను ఇంజను ఆన్ చేయమన్నాడు. ఎక్కడైనా చీలిక ఉంటే లోపలి పొగ అక్కడినుంచి తన్నుకుని రావాలి. రాలేదు. అతుకుల దగ్గర సబ్బునీళ్లు పోశాడు. ఒక్క బుడగ రాలేదు. బండి కింద పడుకుని టార్చిలైటుతో పైపు పొడుగునా చూశాడు. ఆ వెలుతురు నా ముద్ద మీదుగా జారి ముందుకు పోవడం నేను వంగి చూశాను. సిగ్గులేని మాట చెబుతున్నాను, ఆ క్షణంలో నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

బుధవారం పొద్దున నేను బస్సులో షెడ్డుకు వచ్చేసరికి జకరయ్య భార్య కృపమ్మ బయట ముగ్గురు నలుగురికి టీ పోస్తోంది. నన్ను పక్కకు పిలిచింది.

"ఏమప్పా ఆచారీ, ఏం బండి తెచ్చినావు నువ్వు? మీ అన్న నిన్న సరిగ్గా అన్నం గూడా తినలే. కంచం ముందు కూసోని నోటితో టప్ టప్ అంటాండాడు. చెవులు పోయినట్టుండాయి నాకు, ఇంగ షెడ్డు మూసుకోవాల్నేమో అంటాడు."

నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. కుక్కిన పేనులా టీ తాగాను. లోపల జకరయ్య నిన్న విప్పినవన్నీ మళ్లీ ఒక్కొక్కటే విప్పి చూస్తున్నాడు. నలభై ఏళ్లు అన్నంపెట్టిన చెవులను ఆ మనిషి నా అబద్ధం వల్ల అనుమానిస్తున్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

పదిగంటలకు ఆయన లేచి చేతులు తుడుచుకున్నాడు. "పది కిలోమీటర్లు పోయినాక అంటివి గదా. చల్లగున్నప్పుడు ఎతికితే ఎట్ల దొరుకుతాది? నాదే బుద్ధిలేని పని. పా, మీ ఊరి దిక్కే పోదాం."

ఆళ్లగడ్డ రోడ్డులో శిరివెళ్ల దాటాక టప్ మంది. మళ్లీ ఇంకోసారి పేలింది. జకరయ్య కారు పక్కకు దింపి, ఇంజను ఆపకుండానే చక్రాలకు రాళ్లు పెట్టి, గోనెపట్టా పరిచి కిందికి దూరాడు. మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను పైపు పొడుగునా జరుపుకుంటూ పోయాడు. నేను రోడ్డు పక్కన నిలబడి వచ్చేపోయే లారీలు చూస్తున్నాను. చూడ్డానికి ఇంకేం లేదు. కాసేపటికి గొట్టం ఒకచోట ఆగింది.

"ఇంజను ఆపు" అన్నాడు కిందినుంచి.

ఆపాను. స్క్రూడ్రైవర్‌తో గీకుతున్న శబ్దం వినిపించింది. తర్వాత ఆయన మెల్లగా బయటికి వచ్చి, కూర్చునే అరచెయ్యి చాపాడు. అందులో బూడిదరంగు పొడి, పెంకులు పెంకులుగా. వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"చల్లగున్నప్పుడు మూసుకుంటాంది, కాగితే విచ్చుకుంటాంది. ఆడనుంచే గాలి దూరతాంది. ఇది రాతిపొడి ఆచారీ."

"ఎవరో మెకానిక్కు పూసినాడన్నా."

"మెకానిక్కు మసి పూయడు." గొంతు పెంచలేదు. "బండి కింద పైపుకు రంగు కలిపే మెకానిక్కును నేను పుట్టినాక జూడలే. అతుకు కనపడగూడదని ఇంత శ్రద్ధ పెట్టినావంటే నీ చేతికి ఇది అలవాటుండాది. విగ్రహాలకు గూడా ఏస్తాండావా?"

ఇంకొకరెవరైనా అయితే కొట్టేవాణ్ణి. కొట్టలేదు కానీ అంతకన్నా హీనమైన పని చేశాను.

"నీ పని నువ్వు జూసుకో జకరయ్యన్నా! బండ్లు బాగుచేసేటోనివి, దేవుళ్ల సంగతి నీకెందుకు? నువ్వేమన్నా మొక్కుతావా మా దేవునికి?"

ఆయన అరచేతిలోని పొడిని నేల మీద రాల్చాడు.

"నేను మొక్కను. మొక్కేటోళ్లు ఉండారు గదా."

కారు నీడలో ఆయన పక్కనే కూలబడి, మోచేతి కింద గీత దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. ఐదు నెలల కష్టం వృథా అవుతుందని భయపడ్డానని చెప్పాను. మళ్లీ మంచి రాయి దొరకదేమోనని, ఊరివాళ్లు పెట్టుకున్న ముహూర్తం తప్పుతుందని, అన్నీ చెప్పాను. ఆయన అంతా విని లేచాడు. "పా, ముందు దీన్ని కోసి పారేద్దాం" అన్నాడు.

షెడ్డులో పైపు చీలిన ముక్కను కోసి తీసేసి, ఆ స్థానంలో కొత్త ముక్క పెట్టి గ్యాస్ వెల్డింగ్ చేశాడు. వెల్డింగ్ మచ్చ ఉబ్బెత్తుగా, వంకరగా, ఎవరికైనా కనబడేట్టు ఉంది. దాన్ని నునుపు పెట్టమంటే పెట్టనన్నాడు. రేపొచ్చే మెకానిక్కు ఇక్కడ అతుకుందని చూడగానే తెలుసుకోవాలట. సాయంత్రం శిరివెళ్ల దాటి పోయి చూశాం. కాలు తీసినా, మళ్లీ తొక్కినా, ఒక్క టప్ లేదు.

దిగేటప్పుడు ఆయన, "రేపు పొద్దున ఆ ఊరికి ఎన్ని గంటలకు పోదాం?" అన్నాడు.

"పోదామా? నువ్వెందుకు?"

"బండి టెస్ట్ చేయాల గదా, కోయిలకుంట్ల దాకా."

గురువారం పొద్దున మేం వెళ్లేసరికి గుడి ముందు పందిరి వేస్తున్నారు. ఊరి పెద్ద వెంకటేశ్వర్లు శనగ రైతు. గుడి పనంతా ఆయన చేతి మీదుగానే నడుస్తోంది. ఎదురొచ్చి, "ఏం ఆచారీ, సామిని ఇడిసిపెట్టి వచ్చినావే" అని నవ్వాడు. ఇంకో నిమిషం ఆగితే చెప్పలేనని తెలిసి, నిలబడే చెప్పేశాను. పగులుందని, పూడ్చానని, విగ్రహం పూజకు పనికిరాదని.

పందిరి కడుతున్నవాళ్లు పని ఆపారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరో నా తల్లిని తిట్టారు. వెంకటేశ్వర్లు మాత్రం తిట్టలేదు.

"ఇంతకుముందు ఎన్ని ఊర్లకు ఇట్ల పూసి పంపినావ్?"

"యాడా ల్యా అన్నా. ఇదొక్కటే. మా నాయన మీద ఒట్టు."

"ఇది నువ్వు చెప్పకపోయింటే, దీని మీద గూడా ఇట్లనే ఒట్టు పెట్టేటోనివి గదా."

నేను చెప్పింది నిజం, ముప్పై ఏళ్లలో అదొక్కటే. అయినా నా మాట నాకే అబద్ధంలా వినిపించింది. అప్పుడు జకరయ్య, అప్పటిదాకా కారు దగ్గరే నిలబడ్డ మనిషి, ముందుకు వచ్చాడు.

"పెద్దాయనా, నేను నంద్యాల మెకానిక్కును. మీ గుడి సంగతి నేను మాట్లాడగూడదు. నా సంగతి ఒకటి చెప్తా." అందరూ ఆయన వైపు తిరిగారు. "ఇరవై రెండేండ్ల కింద ఒక జీపుకు సైలెన్సర్ పైపు పగిలింటే, బేగా ఇయ్యమన్నారని రేకు చుట్టి ముద్ద పూసి అయిపోయిందని చెప్పినా. వాళ్లు పిల్లోళ్లను ఎక్కించుకోని శ్రీశైలం పోయినారు. దావలో అది ఊడింది. పొగ కిందినుంచి జీపులోకి ఎక్కింది. ఆ పొగలో ఉండే విషానికి వాసన ల్యా. వెనక కూసున్న పాప స్పృహ తప్పింది. ఘాటు రోడ్డు గదా, కడుపులో తిప్పిందనుకున్నారు అందరూ. బతికింది గానీ, శానా దినాలు మాట తడబడేది. ఎందుకో ఎవరికీ తెలీదు. నాకు తెలుసు. పోయి చెప్పినా."

"ఏమన్నారు?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"కొట్టినారు. ఊరంతా చెప్పినారు. ఏడాది నా షెడ్డుకు ఒక్క బండి రాలే. కృపమ్మ కూలికి పోయి నన్ను సాకింది."

"ఆ పాప?"

"బాగుంది. ఇప్పుడు టీచరు. నన్ను జూస్తే మొగం తిప్పుకోని పోతాది." చేత్తో నన్ను చూపించాడు. "ఆచారిని నమ్మమని నేను చెప్పను. చెప్పేటప్పుడు మనిషికి ఎట్లుంటాదో నాకు తెలుసు. అంతే."

చివరికి వెంకటేశ్వర్లు నాతో, "వచ్చి చెప్పినావు, మంచిపని. విగ్రహం మాత్రం మేము వేరేచోట చేయించుకుంటాం" అన్నాడు. ముహూర్తం మార్చాలని పూజారికి కబురు పెట్టడానికి వెళ్లిపోయాడు. మమ్మల్ని మంచినీళ్లు తాగమని కూడా ఎవరూ అనలేదు.

తిరుగు ప్రయాణంలో దారికి రెండువైపులా శనగ చేలు. కారు చప్పుడు లేకుండా పోతోంది, ఆ నిశ్శబ్దం నాకు ఇంకా కోపం తెప్పించింది. ఆళ్లగడ్డలో నా పేరు సాయంత్రానికల్లా పోతుంది. ఇంకెవరు పని ఇస్తారు? ఆ కోపమంతా పక్కనున్న మనిషి మీదికి తిరిగింది.

"ఇట్లయితాదని నీకు ముందే తెలుసు గదా?" అని అరిచాను.

"తెలుసు."

"తెలిసీ నన్నెందుకు తెచ్చినావన్నా? ఏం మిగిలె నాకు?"

"నేను తేలే. నువ్వే వచ్చినావు. నేను తోడొచ్చినా." కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అన్నాడు. "ఒక్కనివే వచ్చి ఈ మాట పడింటే, జన్మలో ఇంగ యాడా నిజం చెప్పకపోదువు. నేను ఆ పొద్దు ఒక్కణ్నే పోయినా ఆచారీ. ఒక్కణ్నే తిరిగొచ్చినా."

నేను కారు పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. జకరయ్య తలుపు తీసుకుని దిగి, వెనక్కి పోయి, బాగున్న సైలెన్సర్‌నే నా ఏడుపు అయిపోయేదాకా వంగి చూస్తూ నిలబడ్డాడు.